కోరలైన్ ఏడా ఎమ్కీ: ‘మెరిట్’ను నిలదీసిన ప్రోగ్రామర్, నియమావళిలోకి వచ్చిన ‘కులం’

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులను తెరిచి చూస్తే చాలావాటిలో కోడ్ ఫైళ్ల పక్కన ప్రవర్తనా నియమావళి అనే ఫైలు ఒకటి కనిపిస్తుంది. రెండు మూడు పేజీలకు మించదు. కోడ్ కోసం వచ్చినవాళ్లలో దాన్ని చదివేవాళ్లు తక్కువ. అలాంటి ఫైళ్లలో పెద్ద భాగం ఒకే మూలపాఠం నుంచి తీసుకున్నవి. దాని పేరు కంట్రిబ్యూటర్ కవనెంట్. 2021లో వచ్చిన 2.1 వెర్షన్‌లో, ఎవరి పట్లా వివక్ష చూపబోమని చెప్పే జాబితాలో, ‘జాతి’ పక్కన ‘కులం’ అనే మాట చేరింది.

ఆ పాఠాన్ని 2014లో మొదట రాసినవారు కోరలైన్ ఏడా ఎమ్కీ. అమెరికాలో చికాగో ప్రాంతానికి చెందిన సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, ట్రాన్స్ మహిళ. కులం అనుభవించిన మనిషి కాదు. అయినా ఆమె వృత్తి జీవితాన్ని మా పాఠకులకు పరిచయం చేయాలనుకోవడానికి కారణం ఉంది. సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్నదంతా మెరిట్టేనని, అక్కడ కులానికి చోటు లేదని మన విద్యార్థులు మొదటి రోజు నుంచీ వింటారు. ఆ మెరిట్ అనే మాటను ఆ రంగం లోపలే ఉండి, కోడ్ రాస్తూ, నిలదీసినవారిలో ఆమె ముఖ్యులు. అందుకు ఆమె చెల్లించిన మూల్యం కూడా రికార్డులో ఉంది.

ఓపెన్ సోర్స్‌లో పని ఎలా జరుగుతుందో తెలియనివారి కోసం రెండు మాటలు. ఇక్కడ సాఫ్ట్‌వేర్ మూలాన్ని, అంటే కోడ్‌ను, అందరికీ తెరిచి ఉంచుతారు. ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు, తమ మార్పును తిరిగి ప్రాజెక్టుకు పంపొచ్చు. దాన్ని తీసుకోవాలా వద్దా అని తేల్చేవాళ్లను మెయింటైనర్లు అంటారు. తలుపు తెరిచే ఉంటుంది గానీ గడప దగ్గర మనిషి ఉంటాడు. ఆ మనిషిని ఎవరూ ఎన్నుకోలేదు, చాలాసార్లు జీతం కూడా ఎవరూ ఇవ్వరు. జరిగేదంతా బహిరంగమే. మీ పేరు, ఇంటిపేరు, ఫొటో, మీరు చేసిన తప్పు, దానికి వచ్చిన వెటకారం, అన్నీ ఏళ్ల తరబడి అక్కడే పడి ఉంటాయి. ఇంటిపేరు విని ఊరూ కులమూ ఆరా తీసే సమాజం నుంచి వచ్చిన మనకు దీని అర్థం విడమరిచి చెప్పనక్కర్లేదు.

రూబీ నుంచి కవనెంట్ దాకా

ఎమ్కీ 1990ల నుంచి సాఫ్ట్‌వేర్ రాస్తున్నారు. ఎక్కువ పేరు వచ్చింది రూబీ భాషలో. జపాన్‌కు చెందిన యుకిహిరో మత్సుమోటో 1995లో విడుదల చేసిన భాష అది. దానిలో ఆమె పలు లైబ్రరీలు రాసి ఉచితంగా బయటపెట్టారు, సమావేశాల్లో ప్రసంగించారు. 2016లో రూబీ హీరో పురస్కారం అందుకున్నారు. ఉద్యోగంలో నిలదొక్కుకున్న తర్వాతే ఆమె ట్రాన్స్ మహిళగా బహిరంగంగా జీవించడం మొదలుపెట్టారు. మనిషి అదే, పనీ అనుభవమూ అవే. ఎదుటివాళ్లు చూసే తీరు మారిపోయింది. నైపుణ్యాన్ని నైపుణ్యంగా మాత్రమే కొలిచే చోటు ఒకటి ఉందన్న నమ్మకం అక్కడే చెదిరిపోతుంది.

2014లో కవనెంట్ మొదటి రూపం వచ్చేనాటికి సాంకేతిక సమావేశాలకు నియమావళులు ఉండాలన్న డిమాండ్ బలపడుతోంది. సమావేశం రెండు రోజులు జరుగుతుంది, ప్రాజెక్టు ఇరవై ఏళ్లు నడుస్తుంది. అందుకే ప్రాజెక్టుకూ ఒకటి కావాలన్నది ఆమె ఆలోచన. ఎవరికి వారు కొత్తగా రాసుకునే పని లేకుండా, ఎవరైనా తీసుకుని తమ ప్రాజెక్టులో పెట్టుకునేలా, కోడ్ లాగే వెర్షన్ సంఖ్యలతో, కోడ్ లాగే ఉచితంగా ఇచ్చారు. నియమాన్ని కూడా సాఫ్ట్‌వేర్‌లా పంచిపెట్టడం చిన్న ఉపాయమే. అదే పని చేసింది. ఆపిల్ 2015లో తన స్విఫ్ట్ భాషను ఓపెన్ సోర్స్ చేసినప్పుడు నియమావళిగా తీసుకున్నది దీన్నే. తర్వాత వేలాది ప్రాజెక్టులు తీసుకున్నాయి.

అందరూ తీసుకోలేదు. ఆమె సొంత ఇల్లు లాంటి రూబీ భాషకే దీన్ని పెట్టాలని ఆమె ప్రతిపాదిస్తే, పెద్ద వాదోపవాదాల తర్వాత మత్సుమోటో వేరే పాఠాన్ని ఎంచుకున్నారు.

అంతకు ముందు, 2015 వేసవిలో, ఓపల్ అనే ప్రాజెక్టు దగ్గర గొడవ మొదలైంది. ఆ ప్రాజెక్టు ముఖ్యుల్లో ఒకరు ట్రాన్స్ మనుషులను కించపరుస్తూ సామాజిక మాధ్యమంలో రాశారు. అలాంటి వ్యక్తి మెయింటైనర్‌గా ఉండటం తగదని ఎమ్కీ ప్రాజెక్టు పేజీలోనే లేవనెత్తారు. వచ్చిన జవాబుల సారం మనకు బాగా పరిచయం ఉన్నదే: అతను బయట ఏమన్నాడో మాకెందుకు, కోడ్ బాగా రాస్తున్నాడా లేదా? చర్చ ప్రాజెక్టు దాటి, ఆమె మీద రోజుల తరబడి సాగిన మూకుమ్మడి దూషణగా మారింది. కాలేజీలో కులం పేరుతో తిట్టిన లెక్చరర్ గురించి ఫిర్యాదు చేస్తే “పాఠం మాత్రం బాగా చెబుతారు కదా” అన్న జవాబు విన్నవాళ్లు మా పాఠకుల్లో ఎందరో ఉంటారు. ఆ జవాబుకు ఇంగ్లిష్ రూపం ఇది.

‘మెరిట్’ తివాచీ

ప్రపంచంలోని ఓపెన్ సోర్స్ కోడ్‌లో చాలా భాగం దాచుకునే సంస్థ గిట్‌హబ్. శాన్‌ఫ్రాన్సిస్కోలోని దాని కార్యాలయంలో అమెరికా అధ్యక్షుడి గదిని పోలిన స్వాగత గది ఒకటి ఉండేది. నేల మీద పరిచిన తివాచీ మీద ‘మెరిటోక్రసీనే నమ్ముతాం’ అన్న అర్థం వచ్చే ఇంగ్లిష్ నినాదం నేసి ఉండేది. మహిళా ఇంజనీర్లు, సమానత్వ కార్యకర్తలు విమర్శించాక 2014 జనవరిలో దాన్ని తీసేశారు.

మెరిటోక్రసీ అన్న మాటను 1958లో ప్రచారంలోకి తెచ్చిన బ్రిటిష్ రచయిత మైకేల్ యంగ్ దాన్ని వ్యంగ్యంగా వాడారు. ప్రతిభ పేరుతో ఏర్పడే కొత్త ప్రభువర్గం ఎంత క్రూరంగా ఉండగలదో చెప్పడానికి. తర్వాతి తరాలు వ్యంగ్యాన్ని వదిలేసి మాటను పట్టుకున్నాయి. మన దగ్గర 1990లో మండల్‌కు వ్యతిరేకంగా, 2006లో ఓబీసీ రిజర్వేషన్లకు వ్యతిరేకంగా వీధుల్లో చీపుళ్లు పట్టి ఊడ్చినవాళ్ల నినాదం కూడా అదే. చీపురు పట్టడం తమకు జరిగిన అవమానానికి గుర్తుగా చూపించారు. తరతరాలుగా ఆ చీపురు ఎవరి చేతిలో ఉందో వాళ్లకు గుర్తు రాలేదు. అగ్రకులాలు తమకు వారసత్వంగా వచ్చిన చదువునూ పరిచయాలనూ ఎలా వ్యక్తిగత ప్రతిభగా చూపించుకున్నాయో, మద్రాస్ ఐఐటీ చరిత్ర ఆధారంగా అజంతా సుబ్రమణియన్ ‘ది కాస్ట్ ఆఫ్ మెరిట్’ అనే పుస్తకం (2019) రాశారు. సాఫ్ట్‌వేర్ చదివే మన విద్యార్థులు తప్పకుండా చదవాల్సిన పుస్తకం.

2016లో గిట్‌హబ్ ఎమ్కీకి ఉద్యోగం ఇచ్చింది. వేదికలో వేధింపులను అరికట్టే సాధనాలు తయారుచేసే బృందంలో పని. అప్పటిదాకా ఎవరైనా ఎవరినైనా, అనుమతి అడగకుండా, తమ ప్రాజెక్టులో సభ్యులుగా చేర్చేయగలిగేవారు. బూతు పేరుతో ప్రాజెక్టు తెరిచి అందులో ఒకరిని చేర్చితే చాలు, ఆ బూతు వాళ్ల పేజీ మీద కనిపించేది. 2016లో వచ్చిన మార్పుతో ముందు ఆహ్వానం వెళ్తుంది, అవతలివాళ్లు ఒప్పుకుంటేనే చేరిక. వినడానికి చిన్న సంగతి. వేధింపు పడ్డ మనిషి డిజైన్ బల్ల దగ్గర కూర్చుంటే తప్ప ఎవరికీ తట్టని సంగతి కూడా.

అక్కడ ఆమె సుమారు ఏడాదే ఉన్నారు. 2017లో ఆ ఏడాది గురించి సుదీర్ఘంగా రాశారు. ఆమె కథనం ప్రకారం, ఆమె మాట తీరులో సహానుభూతి లేదని పనితీరు సమీక్షలో నమోదు చేశారు, చివరికి తొలగించారు. ఇది ఒక పక్షం చెప్పిన మాట అన్న జాగ్రత్తతోనే మేము దీన్ని ఇక్కడ పెడుతున్నాం. కానీ ప్రశ్నించడానికి పిలిచిన మనిషి ప్రశ్నిస్తే ‘అందరితో కలవడం లేదు’ అని రాసే పద్ధతి ఒక్క దేశానిది కాదు.

మరుసటి ఏడాది, 2018లో, ఆమె మెరిటోక్రసీని నేరుగా ఎదుర్కొనే ప్రకటన ఒకటి విడుదల చేశారు. కోడ్ రాయనివాళ్ల శ్రమకూ కోడ్ రాసేవాళ్ల శ్రమతో సమాన విలువ ఉందని, మనుషులతో మెలిగే నేర్పు సాంకేతిక నేర్పు కంటే తక్కువ కాదని, మనుషులకు హాని చేసే సాఫ్ట్‌వేర్ రాయడానికి నిరాకరించే బాధ్యత ప్రోగ్రామర్‌కు ఉందని అందులో ఉంది. మేము దీనికి ఒకటి కలుపుతాం. ఓపెన్ సోర్స్‌లో ‘ఖాళీ సమయంలో’ రాసిన కోడ్‌ను ఉద్యోగ ఇంటర్వ్యూల్లో ప్రతిభకు కొలతగా చూస్తారు. సంక్షేమ హాస్టల్ గదిలో పదిమందితో ఉంటూ, సెలవుల్లో కూలికి వెళ్లి, అప్పు తెచ్చిన లాప్‌టాప్ మీద చదివే పిల్లవాడికి ఆ ఖాళీ సమయం ఎక్కడిది? ఖాళీ సమయం కూడా ఈ దేశంలో కులం ప్రకారమే పంచబడింది.

లైనక్స్, ఆ తర్వాత

2018 సెప్టెంబర్‌లో పెద్ద వార్త వచ్చింది. లైనక్స్ కెర్నెల్‌ను సృష్టించిన లీనస్ టోర్వాల్డ్స్, ఏళ్ల తరబడి తోటి ప్రోగ్రామర్లను పరుషంగా తిట్టినందుకు క్షమాపణ చెప్పి కొన్నాళ్లు పక్కకు తప్పుకున్నారు. అదే సమయంలో కెర్నెల్ తన పాత ‘ఘర్షణ నియమావళి’ని తీసేసి కవనెంట్ 1.4 ఆధారంగా కొత్తది పెట్టుకుంది. అది తెచ్చిన ఆగ్రహంలో పెద్ద వాటా మళ్లీ ఎమ్కీ మీదికే మళ్లింది. కెర్నెల్‌కు దాన్ని పెట్టింది ఆమె కాదు. కానీ రాసిన చెయ్యి ఆమెది.

2019లో ఆమె మరో అడుగు వేశారు. అమెరికాలో వలసదారులను నిర్బంధించే ప్రభుత్వ సంస్థ ‘ఐస్’కు చెఫ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ సేవలు అందిస్తోందని తెలిసి, సేథ్ వార్గో అనే ప్రోగ్రామర్ ఆ కంపెనీ ఉపయోగిస్తున్న తన కోడ్‌ను వెనక్కి తీసుకున్నాడు. నేను రాసింది ఎవరి మీద వాడుతున్నారో అడిగే హక్కు నాకు ఉందా అన్న ప్రశ్న లేచింది. వైద్యుల ప్రమాణాన్ని గుర్తుచేస్తూ ఎమ్కీ ‘హిప్పోక్రటిక్ లైసెన్స్’ రాశారు. ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల ప్రకటనను ఉల్లంఘించే పనులకు ఈ సాఫ్ట్‌వేర్ వాడరాదన్నది దాని సారం. ఓపెన్ సోర్స్ నిర్వచనాన్ని కాపాడే ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ దీన్ని ఓపెన్ సోర్స్‌గా ఒప్పుకోలేదు. వాడకం మీద ఎలాంటి షరతూ ఉండకూడదన్నది ఆ నిర్వచనంలో మూల సూత్రం. 2020లో ఎమ్కీ ఆ సంస్థ బోర్డుకు పోటీ చేసి గెలవలేదు. అదే ఏడాది ‘ఎథికల్ సోర్స్’ కోసం వేరే సంస్థను స్థాపించారు. కవనెంట్ బాగోగులు ఇప్పుడు ఆ సంస్థవే.

ఈ లైసెన్స్ న్యాయస్థానంలో ఎంతవరకు నిలుస్తుందన్న సందేహం మాకూ ఉంది. ఆమె లేవనెత్తిన ప్రశ్న మాత్రం సరైనదే. ‘మేము సుత్తులు తయారుచేస్తాం అంతే’ అనే ఇంజనీర్ల సాకును శీర్షికగా చేసుకుని ఆమె తర్వాత ‘వి జస్ట్ బిల్డ్ హ్యామర్స్’ అనే పుస్తకం రాశారు.

జాబితాలో పేరు ఉండటం

ఇక 2.1 వెర్షన్‌లో చేరిన ఆ పదం సంగతి. భారత రాజ్యాంగం 15వ అధికరణ 1950 నుంచే మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు అని పేర్లు పెట్టి మరీ వివక్షను నిషేధించింది. అమెరికాలో ఉద్యోగ వివక్షను నిషేధించిన 1964 చట్టంలో జాతి, రంగు, మతం, లింగం, జాతీయ మూలం ఉన్నాయి, కులం లేదు. పేరు లేకపోతే ఏమవుతుందో 2020 జూన్‌లో బయటపడింది. కాలిఫోర్నియా పౌర హక్కుల శాఖ సిస్కో కంపెనీ మీద, ఇద్దరు భారతీయ ఇంజనీర్ల మీద కేసు వేసింది. ఒక దళిత ఇంజనీర్ ఐఐటీలో రిజర్వేషన్ మీద చేరాడన్న సంగతిని పైఅధికారి సహోద్యోగులకు చెప్పాడని, తర్వాత అతన్ని పక్కన పెట్టారని ఆరోపణ. చట్టంలో కులం అన్న మాట లేనందున ఆ శాఖ వంశమూలం, మతం, జాతి వంటి మాటల కింద వాదన కట్టుకోవాల్సి వచ్చింది. 2023లో ఇద్దరు ఇంజనీర్ల మీద కేసును శాఖే ఉపసంహరించుకుంది, కంపెనీ మీద కొనసాగించింది.

ఆ మూడేళ్లలో చాలా జరిగింది. సిస్కో కేసుకు మరుసటి ఏడాదే కవనెంట్ 2.1 వచ్చింది. వికీపీడియాను నడిపే వికీమీడియా సంస్థ 2021లో ప్రకటించిన సార్వత్రిక నియమావళిలోనూ కులం ప్రస్తావన ఉంది. తెలుగు వికీపీడియాలో రాసేవారందరికీ అది వర్తిస్తుంది. 2022లో గూగుల్‌లో తేన్‌మొళి సౌందరరాజన్ ప్రసంగం కొందరు ఉద్యోగుల అభ్యంతరాలతో రద్దయింది, దాన్ని ఏర్పాటు చేసిన తనూజా గుప్తా రాజీనామా చేశారు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర మండలి కుల వివక్షను నిషేధించింది. అదే ఏడాది అక్టోబర్‌లో కాలిఫోర్నియా గవర్నర్ అలాంటి రాష్ట్ర బిల్లును తిరస్కరించారు. ప్రస్తుత చట్టాలే చాలునన్నది ఆయన చెప్పిన కారణం. తెలుగువాళ్లు ఇంత పెద్ద సంఖ్యలో పనిచేస్తున్న రంగంలో, కుల సంఘాలు సముద్రం దాటి వెళ్లిన సమాజంలో, చాలునన్న మాటను మేము ఒప్పుకోలేం.

తెలుగులో ఇంకో చిక్కు ఉంది. ‘జాతి’ అన్న మాట మనకు దేశానికీ, తెగకూ, వర్ణభేదానికీ వాడుకలో ఉంది. హిందీలో అదే మాటకు కులం అని అర్థం. ఇలాంటి పాఠాలను అనువదించేవాళ్లు జాతితో సరిపెట్టేసి కులాన్ని మింగేయడం చాలా తేలిక. రెండు మాటలూ విడివిడిగా ఉండాలి.

కాగితం మీది హక్కు ఎంత దూరం వస్తుందో 1989 అట్రాసిటీ చట్టాన్ని చూసినవాళ్లకు తెలుసు. కవనెంట్ పరిస్థితీ అంతే. 2.0 వెర్షన్ నుంచి అందులో శిక్షల మెట్లు ఉన్నాయి: దిద్దుబాటు, హెచ్చరిక, తాత్కాలిక నిషేధం, శాశ్వత నిషేధం. ఆ మెట్లు ఎక్కించేది మెయింటైనర్లే. వాళ్లకు కులం అంటే ఏమిటో తెలియకపోవచ్చు, లేదా బాగా తెలిసినవాళ్లే అవతలి పక్షం కావచ్చు. పైగా కుల దూషణ మీద ఫిర్యాదు చేయాలంటే దళిత ప్రోగ్రామర్ తన కులాన్ని ముందు బయటపెట్టుకోవాలి. దాచుకుని బతుకుతున్న మనిషికి అది చిన్న ధర కాదు.

2025లో వచ్చిన 3.0 వెర్షన్‌లోనూ కులం ఉంది. శిక్ష కంటే జరిగిన హానిని సరిదిద్దడం మీద అది ఎక్కువ దృష్టి పెట్టింది. ఉద్దేశం మంచిదే. కానీ ఊళ్లో దాడి జరిగితే కేసు కాకుండా పెద్దమనుషులు కూర్చోబెట్టి రాజీ చేయించడం చూసిన కళ్లతో చదివినప్పుడు, సరిదిద్దడం అన్న మాట దగ్గర మేము కాసేపు ఆగాం. హాని పడ్డవాళ్లు అడిగితేనే ఆ దారి, వాళ్లు వద్దంటే నిషేధం అన్న స్పష్టత ప్రతి ప్రాజెక్టూ తన మాటల్లో రాసుకోవాలి.

లైనక్స్ 2018లో తీసుకున్న 1.4 పాఠంలో కులం లేదు. పాత వెర్షన్లతోనే నడుస్తున్న ప్రాజెక్టులు ఇంకా ఎన్నో ఉన్నాయి. మీరు పనిచేస్తున్న ప్రాజెక్టు నియమావళి అడుగున వెర్షన్ సంఖ్య సాధారణంగా రాసి ఉంటుంది. అది 2.0 గానీ అంతకు ముందుది గానీ అయితే, మార్చమని ఒక పుల్ రిక్వెస్ట్ పంపొచ్చు. అందుకు కోడ్ రాయడం రావాల్సిన పని లేదు, మీ కులం చెప్పుకోవాల్సిన పనీ లేదు. మూలపాఠంలో ఫిర్యాదు ఎవరికి పంపాలో నింపుకోవడానికి ఖాళీ ఒకటి వదిలారు. మీ ప్రాజెక్టులో అది నింపారో లేదో కూడా అప్పుడే చూడండి.